పట్టణంలో పశువుల కొట్టం, పర్యావరణ నిర్వహణ

వేలూరు, గుడియాత్తం వీధుల్లో తెల్లవారకముందే దీపం వెలిగే ఇళ్ళలో పాడి ఉన్న ఇళ్ళు మొదటివి. పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వెంట తెచ్చుకున్న విద్యలలో పశుపోషణ ఒకటి. నేతపనో కూలిపనో చిన్న దుకాణమో చేసుకుంటూ, ఇంటి వెనుక రెండు ఆవులను కట్టుకున్నవారికి పాలసొమ్ము నెలలో ఆఖరి వారాన్ని గట్టెక్కిస్తుంది. పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చిన తరువాత కొట్టం కడుగుతారు. గొట్టం పట్టి నీళ్ళు వదిలితే పేడ, గంజళం, తొక్కుడుపడిన గడ్డి కలిసి వాకిటి ముందున్న మురుగుకాలువలోకి జారిపోతాయి. పావుగంటలో నేల అద్దంలా మెరుస్తుంది.

ఆ పావుగంట తరువాత ఏమి జరుగుతున్నదన్నదే ఇక్కడి విషయం.

గుడియాత్తం మధ్యగా పారే కౌండిన్య నది పుట్టింది పలమనేరు అడవులలో. అక్కడి నుంచి తమిళనాడులోకి దిగి, మోర్దానా జలాశయంలో కొంత నిలిచి, పట్టణాన్ని దాటి పాలారులో కలుస్తుంది. పాలారు కూడా కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం సీమను ఒరుసుకొని, వాణియంబాడి, ఆంబూరు మీదుగా వేలూరుకు వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ రెండు నదులలోనూ పైకి కనిపించేది ఇసుకే; నీరు ఇసుక అడుగున నడుస్తుంది. ఆ ఇసుకలో తవ్విన బావులు తరతరాలుగా ఈ ప్రాంతపు ఊళ్ళకు తాగునీరు ఇస్తున్నాయి. వీధికాలువలు పల్లానికి పారుతాయి. ఇక్కడ పల్లమంటే నదే. ఉదయం కొట్టం నుంచి వెళ్ళిన నీటికీ, సాయంత్రం బిందెలోకి వచ్చే నీటికీ మధ్య ఉన్న దూరం చూపుకు తోచినంత ఎక్కువ కాదు.

పేడ మట్టిలో కలిసిపోయేదే గదా, అందులో విషమేముంది అని అడిగేవారు ఉన్నారు. అడగదగిన ప్రశ్నే. పొలంలో పేడ ఎరువు. నీటిలో పడితే అదే పేడ నీటి ఊపిరి తీస్తుంది. సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. ఎంత వాడుకుంటాయో కొలిచే లెక్కను జీవరసాయన ఆక్సిజన్ అవసరం అంటారు. ఇళ్ళ నుంచి వచ్చే మామూలు మురుగునీటికి ఇది లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటే, పశువుల పేడ గంజళం కలిసిన చిక్కని జావకు 10,000 నుంచి 20,000 దాకా ఉంటుంది. పారబోసిన పాలకైతే లక్ష దాటుతుంది. నదులలోకి వదలదగిన నీటికి మన దేశపు ప్రమాణం 30 మాత్రమే. ఇక గంజళంలోని నత్రజని నేలలోకి ఇంకి నైట్రేటుగా మారి బావులకు చేరుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. అది మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలివన్నెకు తిరిగే ప్రమాదం ఉంది. ఈ నైట్రేటు రంగు, రుచి, వాసన లేనిది గనుక నీళ్ళు చూసి చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

కంటికి కనబడని నష్టం ఎంతవరకు పోగలదో వేలూరుకు ఒకరు చెప్పనక్కరలేదు. పశుసంపదకే చెందిన మరొక పని, తోళ్ళను పదును చేసే పని, పాలారు లోయలో ఏమి చేసిందో దేశమంతటికీ తెలుసు. తోళ్ళ పరిశ్రమల వ్యర్థజలాలతో పొలాలు, బావులు చెడిపోయాయని వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవారే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రం, హాని జరుగుతుందన్న రుజువు పూర్తిగా దొరికేదాకా వేచి ఉండక ముందుజాగ్రత్త పడాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పు నిలబెట్టింది. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ రెండు సూత్రాలను వేలూరు పేరుతోనే చదువుకుంటారు. నాలుగు ఆవుల కొట్టాన్ని తోళ్ళ కర్మాగారంతో పోల్చడం న్యాయం కాదు. అయినా సూత్రం పరిమాణాన్ని బట్టి మారదు. చెల్లించవలసిన మూల్యం మాత్రమే మారుతుంది.

సరిగా అదే ఏడాది, 1996లో, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 14001 అనే ప్రమాణాన్ని తొలిసారి ప్రకటించింది. పర్యావరణ నిర్వహణ వ్యవస్థ అన్న మాట ప్రపంచమంతటా వాడుకలోకి రావడానికి అది ముఖ్య కారణం. 2004లోను, 2015లోను దానిని సవరించారు. పేరు విని భయపడవలసినంత పెద్ద విషయం అందులో లేదు. ఫలానా యంత్రం కొనమని గాని, పొగగొట్టం ఇంత ఎత్తు ఉండాలని గాని ఆ ప్రమాణం చెప్పదు. మీ పనివల్ల నేలకు, నీటికి, గాలికి ఏ ఏ మార్పులు కలుగుతున్నాయో మీరే గుర్తించి రాసుకోండి, వాటిలో దేనిని ముందు తగ్గించాలో నిర్ణయించుకోండి, చేయండి, చేసినది ఫలించిందో లేదో కొలిచి చూడండి, ఫలించకపోతే పద్ధతి మార్చండి. ఇంతే దాని సారం. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, సవరణ అనే నాలుగు మెట్లు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి, కాకపోతే ప్రతి చుట్టుకు కొంచెం మెరుగవ్వాలి. ధ్రువపత్రం కావలసినవారు బయటి సంస్థచేత తనిఖీ చేయించుకొని తీసుకుంటారు. పాలను ఎగుమతి చేసే పెద్ద సంస్థలకు ఆ పత్రంతో పని ఉంటుంది. నాలుగు ఆవుల ఇంటికి పత్రం అక్కరలేదు, పద్ధతి కావాలి. ఆ పద్ధతికి కావలసిన సామగ్రి ఒక నోటు పుస్తకం, ఒక కలం, ఒక తక్కెడ, ఒక బకెట్టు.

పశుపోషకులు ఇలా పుస్తకం రాయడం కొత్త కాదు. పాడికి పేరు మోసిన నెదర్లాండ్స్ దేశంలో 1998 నుంచి కొన్నేళ్ళపాటు, మొదట పశువులను ఎక్కువ సాంద్రతతో పెంచే రైతులు, తరువాత మిగిలినవారు, ఖనిజాల ఖాతా రాయవలసి వచ్చింది. దాణా, ఎరువుల రూపంలో క్షేత్రంలోకి ఎంత నత్రజని, ఎంత భాస్వరం వచ్చింది, పాలు, మాంసం, పంటల రూపంలో ఎంత బయటికి పోయింది, తేడా ఎంత అన్నది ఆ ఖాతా. తేడా అంతా నేలలోకో నీటిలోకో పోయినట్టే గనుక, పరిమితి దాటినదానిపై సుంకం విధించారు. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. అయినా పేడను వ్యర్థమని కాక లెక్క తేలవలసిన సరుకుగా చూడడం అక్కడి రైతులకు అలవాటైంది. మన ఇళ్ళలో పాలకు లెక్క ఉంది, దాణాకు లెక్క ఉంది, అప్పుకూ ఉంది. పేడ ఒక్కటే లెక్కలోకి రాలేదు.

ఆ లెక్కతోనే మొదలుపెట్టవచ్చు. సుమారు 400 కిలోల బరువున్న పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుందని, అన్నే లీటర్ల గంజళం పోస్తుందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అంచనా. తక్కువ అంకెనే తీసుకున్నా, నాలుగు ఆవుల కొట్టంలో రోజుకు 60 కిలోల పేడ పోగవుతుంది. ఏడాదికి దాదాపు 22 టన్నులు. ఇంత సరుకు ఏమైందన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉండాలి: దిబ్బకు ఎంత, పిడకలకు ఎంత, రైతు బండికి ఎంత, కాలువకు ఎంత. మొదటి వారంలో చివరి గడి సంకోచం లేకుండా నిజం చెప్పాలి. ఎవరికీ చూపించవలసిన పుస్తకం కాదు గనుక దాచుకోవలసిన పని లేదు.

రెండవ లెక్క నీళ్ళది. కొట్టంలోని గొట్టం కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి ఎంతసేపటికి నిండుతుందో చూడాలి. నిమిషంలో నిండితే, ఇరవై నిమిషాలు కడగడానికి 300 లీటర్లు పట్టినట్టు. వేసవిలో నీటి ట్యాంకరు కోసం బిందెలతో వరుస కట్టే వీధిలో ఇది చిన్న సంఖ్య కాదు. దీనిని తగ్గించే ఉపాయం మన పెద్దలకు తెలిసినదే: ముందు పారతో గాని రేకుతో గాని పేడను పొడిగానే ఎత్తి తట్టలో వేయాలి, గంజళం నిలిచిన చోట వరిపొట్టో రంపపు పొట్టో చల్లి ఊడ్చాలి, ఆ తరువాతనే నీళ్ళు. గొట్టం వచ్చిన తరువాత పార మూలకు చేరింది, అంతే. పొడిగా ఎత్తిన కొట్టానికి సగం నీళ్ళు చాలవచ్చు. ఎంత చాలుతుందన్నది ఎవరి బకెట్టు వారికే చెబుతుంది. పైగా కాలువకు పోయే మురుగులో చిక్కదనం బాగా పడిపోతుంది, పేడ చేతికి మిగులుతుంది.

కడిగిన నీటిని కూడా నేరుగా వదలకూడదు. కొట్టం నేల ఒకవైపుకు వాలుగా ఉండి, చివర చిన్న సిమెంటు తొట్టి ఉంటే, బరువైనదంతా అడుగున దిగుతుంది. పైకి తేరిన నీటిని వరిగడ్డి అడ్డం పెట్టి వడకట్టి, ఇంటి వెనుక అరటికో కొబ్బరికో పశుగ్రాసపు మడికో పారించవచ్చు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కో-4 వంటి నేపియర్ గడ్డి ఈ నీటికి ఏపుగా పెరుగుతుంది. ఆవు వదిలిన నత్రజని తిరిగి ఆవు గాటికే చేరుతుంది. వానకాలంలో మాత్రం తొట్టి పొంగిపోకుండా చూరునీటిని పక్కకు మళ్ళించాలి. చూరునీరు, కొట్టపు నీరు కలిసిపోవడం చాలా ఇళ్ళలో అసలు చిక్కు. రెండూ కలిస్తే ఎంత పెద్ద తొట్టి అయినా చాలదు.

పట్టణవాసికి కష్టమంతా పేడను ఎక్కడ ఉంచాలన్న దగ్గరే వస్తుంది. ఊళ్ళో పెరటి దిబ్బ ఉండేది. ఏడాదికి ఒకసారి బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఇక్కడ పెరడు లేదు, పొలం లేదు. అందుచేత కొందరు నది ఒడ్డున పోరంబోకు స్థలంలో కుప్ప పోస్తారు. 2021 నవంబరులో మోర్దానా నిండి కౌండిన్యకు వరద వచ్చినప్పుడు గుడియాత్తంలో ఒడ్డునున్న ఇళ్ళే నీటిపాలయ్యాయి. ఒడ్డున పోసిన కుప్ప అటువంటి నాడు ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. ఎండిన నది ఖాళీ స్థలం కాదు, నీళ్ళు రాని రోజున ఉన్న నది.

స్థలం కొద్దిగా ఉన్నవారికి నీడలో రెండు గుంతలు చాలు. ఒకటి నిండేవరకు రెండవది మాగుతుంది. పేడను ఎండుటాకు, గడ్డి చెత్తతో పొరలు పొరలుగా వేసి, పిడికిట పట్టి నొక్కితే చెయ్యి తడవాలి గాని నీరు కారకూడదన్నంత తేమ ఉంచి, రెండు వారాలకొకసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలల్లో మట్టివాసన వేసే ఎరువవుతుంది. వానపాముల ఎరువు చేయదలచినవారు పచ్చిపేడను పది పదిహేను రోజులు చల్లారనివ్వాలి. పచ్చిపేడ వేడికి వానపాములు చనిపోతాయి. ఏమాత్రం స్థలం లేనివారికి మిగిలిన దారి మరొకరి పొలమే. చుట్టుపక్కల ఊళ్ళలో వరి, కొబ్బరి, పూలు పండించేవారికి పేడ అవసరం. ఒకే వీధిలో నాలుగైదు కొట్టాలవారు కలిసి వారానికొక బండి మాట్లాడుకుంటే, ఒక్కొక్కరు విడిగా తిప్పలు పడడం కంటే సులువు. వార్డులో ఎరువు తయారుచేసే కేంద్రం ఉంటే, పేడను తీసుకుంటారా లేదా అన్నది పారిశుద్ధ్య పర్యవేక్షకుణ్ణి అడిగి తెలుసుకోవచ్చు. ఇంటింటి చెత్తబండిలో మాత్రం చెప్పకుండా పేడ వేయకూడదు. తడిచెత్త, పొడిచెత్త వేరు చేసిన శ్రమంతా ఆ ఒక్క తట్టతో పాడవుతుంది.

గోబర్ గ్యాసు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దానిమీద ఆశలూ ఎక్కువ, అపోహలూ ఎక్కువ. ఇనుప డ్రమ్ము పైకి కిందికి తేలే రకాన్ని ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960ల నుంచి ప్రచారం చేసింది. నేలలోపల ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు రకం 1984లో వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు పుడుతుంది. రోజుకు 50 కిలోల పేడను అంతే నీటితో కలిపి పోస్తే రెండు ఘనమీటర్ల గ్యాసు, అంటే నలుగురైదుగురి ఇంట వంటకు చాలినంత వస్తుంది. ఘనమీటరు గ్యాసు 0.43 కిలోల వంటగ్యాసుకు సమానం గనుక, ఇటువంటి ప్లాంటు 16-17 రోజులలో ఒక 14.2 కిలోల సిలిండరుకు సరిపడే మంటను ఇస్తుంది. ఇక్కడి ఎండలు కూడా దానికి అనుకూలమే. చలి దేశాలలో మందగించినట్టు ఇక్కడ మందగించదు.

ఇంత లాభమున్నా మూలపడిన ప్లాంట్లు ఎన్నో ఎందుకున్నాయి? గ్యాసు తీసినంత మాత్రాన పేడ మాయం కాదు. పోసినంత జావా వెనుకవైపు నుంచి బయటికి వస్తుంది. దానిని తీసుకుపోయే పొలం గాని రైతు గాని లేకపోతే, పట్టణంలో గోబర్ గ్యాసు ప్లాంటు మరొక మురుగు మూలమే అవుతుంది. కట్టేముందు గ్యాసు ఎవరు వాడతారని కాక, జావ ఎవరు తీసుకుపోతారని అడగాలి. గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకరియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి మండలి చేయించిన ఏర్పాటు ఈ చిక్కును విప్పింది: ఇళ్ళలో చిన్న ప్లాంట్లు పెట్టించి, వాడకం పోను మిగిలిన జావను కొని ఎరువుగా మార్చే పని మహిళల సహకార సంఘానికి అప్పగించారు. పాలకు సంఘం ఉన్నట్టే పేడకూ సంఘం ఉండవచ్చునన్న ఆలోచన అది. ఇక వాడకంలో రెండు జాగ్రత్తలు. ఫినాయిలు కలిసిన నీరు ప్లాంటులో పడితే గ్యాసును పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. పొడుగు గడ్డిపోచలు పడితే గొట్టం పూడుకుపోతుంది.

పొరుగువారి ఫిర్యాదులు చాలావరకు వాసన మీద, ఈగల మీద వస్తాయి. రెంటికీ మందు ఒకటే, పేడ తడిగా ఆరుబయట వారం నిలవకుండడం. ఈగ గుడ్డు పెద్ద ఈగ కావడానికి వేసవిలో వారం పది రోజులు చాలు; అంతకంటే ముందే పేడ ఎత్తివేస్తే ఆ చక్రం తెగుతుంది. దోమ విషయం కొంచెం వేరు. బోదకాలు వ్యాధిని మోసే దోమ పేరుకుపోయిన మురుగుకాలువ నీటిలోనే పెరుగుతుంది, కాలువ పేరుకుపోవడానికి పేడ ఒక ముఖ్య కారణం. జపనీస్ మెదడువాపు మన దేశంలో మనుషులలో మొదట బయటపడింది కూడా ఈ గడ్డమీదనే, 1955లో, నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో. ఆ వ్యాధి క్రిమి కొంగల వంటి నీటిపక్షులలో, పందులలో వృద్ధి చెంది, వరిమళ్ళలో పెరిగే దోమల ద్వారా మనుషులకు వస్తుంది. ఆవులలో అది వృద్ధి చెందదు. కాబట్టి పందులను పెంచేవారు వాటిని నివాసాలకు దూరంగా ఉంచడంలో పరువు మర్యాదల ప్రశ్న ఏమీ లేదు. పిల్లల ప్రాణాల ప్రశ్న.

మేత గురించి రెండు మాటలు. పట్టణంలో ఆవుకు దొరికే కుడితి ఊరి కుడితి కాదు. ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేసిన అన్నాన్ని ఆవు సంచితో సహా మింగుతుంది. తమిళనాడులో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2019 జనవరి 1 నుంచి నిషేధమున్నా, చెత్తకుప్పల దగ్గర తిరిగే ఆవు కడుపులో నేటికీ అవే దొరుకుతాయి. కల్యాణ మండపాల నుంచి మిగిలిన అన్నం బకెట్ల కొద్దీ తెచ్చి ఒకేసారి పెట్టేవారు మరొక పొరపాటు చేస్తున్నారు. అంత పిండిపదార్థం ఒక్కసారి పడితే నెమరువేసే కడుపులో పులుపు పెరిగి, ఆవు మేత మాని, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇక ఆవు త్రేన్పులో వచ్చే మీథేన్ వాయువు వందేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా గోజాతి పశువులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. ఒక్క కొట్టం ఆ లెక్కను మార్చలేదు గాని, వట్టి వరిగడ్డికి బదులు పచ్చిమేత, చెక్క, ఖనిజ మిశ్రమం సరిపాళ్ళలో పెడితే ఒక్కొక్క లీటరు పాలకు పుట్టే మీథేన్ తగ్గుతుంది, పాలు పెరుగుతాయి. రెండవ కారణం ఒక్కటే చాలు.

మంగళవారం పొయిగై సంతలో కొన్న పశువును ఇంటికి తేగానే పాత పశువుల పక్కన కట్టేయకూడదు. ఆ సంతకు ఆంధ్ర నుంచి కూడా పశువులు వస్తాయి. వాటితోపాటు గాళ్ళు, ముద్దచర్మ వ్యాధి కూడా రావచ్చు. రెండు మూడు వారాలు వేరుగా కట్టి, వేరే తొట్టిలో నీళ్ళు పెట్టాలి. వాడిన సూదులు, మందుసీసాలు పేడకుప్పలో పడవేస్తే అవి ఎవరో రైతు పాదంలో తేలుతాయి. మూత ఉన్న డబ్బాలో పోగుచేసి పశువైద్యశాలలో అడిగి అప్పగించాలి. నొప్పికి ఏ మందు వేస్తున్నారో కూడా పుస్తకంలో రాసుకోవాలి. డైక్లోఫెనాక్ వేసిన పశువు కళేబరాన్ని తిని దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోయినంత పని అయింది; పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. తెలిసీ తెలియని చేతులు ఇచ్చే సూదిలో ఏముందో అడగడం యజమాని హక్కు. పశువు జబ్బుపడితే 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య సేవను పిలవవచ్చు.

చట్టాల విషయానికి వస్తే, 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కాలువలోకి, నదిలోకి కాలుష్యాన్ని వదలడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. జాతీయ హరిత న్యాయస్థానం ఆదేశాల నేపథ్యంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జూలైలో పాడి క్షేత్రాలకు, గోశాలలకు పర్యావరణ నిర్వహణ మార్గదర్శకాలను వెలువరించి, 2021లో సవరించింది. కొట్టాలు ఇళ్ళకు, బడులకు, ఆసుపత్రులకు, జలాశయాలకు ఎంత దూరంలో ఉండాలి, పేడను ఎరువుగానో గ్యాసుగానో ఎలా మార్చాలి, కడుగునీటిని ఏమి చేయాలి అన్నవి అందులో ఉన్నాయి. ఎక్కువ పశువులు ఉన్నవారు మండలి అనుమతి తమకు వర్తిస్తుందా అన్నది జిల్లా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మేలు. పట్టణంలో పశువులను ఉంచుకోవడానికి లైసెన్సు కావాలన్న సంగతి ఊరి నుంచి కొత్తగా వచ్చినవారికి తెలియకపోవచ్చు. ఊళ్ళో ఆవును కట్టుకోవడానికి ఎవరినీ అడగరు మరి.

నోటీసు తమిళంలో వస్తుంది. చదవలేక పక్కన పెట్టి, గడువు దాటిన తరువాత తెలుసుకొన్న సందర్భాలు ఉంటాయి గనుక కొన్ని మాటలు ఇక్కడ ఇవ్వడం అవసరం. తమిళంలో మాడు అంటే పశువు, తెలుగులో నడినెత్తి. మాట్టు కొట్టగై అంటే మన కొట్టమే, మాట కూడా చుట్టమే. సాణం అంటే పేడ, కోమియం అంటే గంజళం, కళివునీర్ అంటే మురుగునీరు. ఉరిమం అంటే లైసెన్సు. అబరాదం అని ఉంటే నేరం మోపారని కంగారు పడనక్కరలేదు, ఆ మాటకు అక్కడ జరిమానా అని అర్థం. అయితే దాని పక్కన ఉన్న అంకెను, తేదీని తప్పక చూడాలి. కాల్‌నడై మరుత్తువమనై అంటే పశువైద్యశాల. నోటీసు అందిన రోజునే తేదీ వేసి పుస్తకంలో అతికించుకోవాలి.

జవాబు చెప్పుకోవలసి వచ్చినప్పుడు పుస్తకం విలువ తెలుస్తుంది. కాలువలో పేడ వదులుతున్నారన్న ఫిర్యాదు వచ్చిందనుకుందాం. మేము వదలడం లేదన్న మాటకు సాక్ష్యం లేదు. మూడు నెలలుగా ఏ రోజున ఎంత పేడ ఏ రైతు బండికి ఎక్కింది, తొట్టి ఎప్పుడు శుభ్రం చేశారు, నీటి వాడకం ఎన్ని బకెట్ల నుంచి ఎన్ని బకెట్లకు తగ్గింది అన్నది వరుసగా రాసి ఉన్న పుస్తకం ఎదుట పెడితే, తనిఖీకి వచ్చిన ఉద్యోగి మాట్లాడే తీరు మారే అవకాశం ఉంది. తరతరాలుగా కొట్టాలున్న వీధిలో కొత్త ఇళ్ళు లేచి, కొత్త పొరుగువారు వస్తున్న కాలంలో, ఆవును పట్టణంలో ఉంచుకోగలగడం ఇటువంటి చిన్న ఆధారాలమీద నిలుస్తుంది.

నెలకొకసారి, అమావాస్య నాడో జీతం నాడో, పుస్తకం తెరిచి కాలువ గడిలోని అంకెలు కూడాలి. ఉదాహరణకు మొదటి నెలలో రోజుకు 20 కిలోలు కాలువపాలైతే, పార వాడిన రెండవ నెలలో అది 5 కిలోలకు దిగవచ్చు. మూడవ నెల వానలకు తొట్టి పొంగి మళ్ళీ 12 అయితే, అప్పుడు తప్పు పారది కాదు, చూరుది. చూరుకు రేకు కాలువ బిగించాలి. తరువాతి నెల ఏ అంకె వస్తుందో చూడాలి. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే కూడిక వారికి అప్పగించవచ్చు. తెలుగులో రాసినా, తమిళంలో రాసినా లెక్క చెల్లుతుంది.